ఎవరి బిళ్ళ వాళ్ళే తిప్పాలి

మా వదిన చాలా మంచిదని ఊరంతా అంటుంది. ఊరికేం, అనడానికి. ఆవిడ మంచితనంతో వేగాల్సింది ఊరు కాదు, నేను. మా ఆయనకు స్వయానా అక్క, అంటే నాకు వదిన. అది చాలదన్నట్టు నేను పనిచేసే కంపెనీలో నా పైఅధికారి కూడా. ఇంట్లో తప్పించుకుంటే ఆఫీసులో దొరుకుతాను, ఆఫీసులో తప్పించుకుంటే ఇంట్లో. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో నాకు ఒకరు చెప్పక్కరలేదు.

ఆవిడ ఉద్యోగం ఏమిటని చుట్టాలు అడిగితే చెప్పలేక చచ్చేదాన్ని. ఓడల్లో పని అనగానే వంటమనిషి అనుకుంటారు, కాదంటే ఏకంగా కెప్టెన్ అనుకుంటారు. సంగతేమిటంటే, మా కంపెనీ ఓడలు మంచు తీరాలకూ మనుషులు కాపురం ఉండని దీవులకూ యాత్రికులను తీసుకెళతాయి. అక్కడ రేవులూ గీవులూ ఉండవు. ఓడ దూరంగా లంగరు వేస్తే, యాత్రికులను రబ్బరు పడవల్లో ఒడ్డుకు దించి, పిట్టలనూ సీళ్ళనూ చూపించి, మళ్ళీ ఓడ ఎక్కించాలి. పడవలు నడిపేవాళ్ళు, పిట్టల గురించి చెప్పేవాళ్ళు, రాళ్ళ గురించి చెప్పేవాళ్ళు, ఒడ్డున కాపలా ఉండేవాళ్ళు, ఇంతమందిని ఏరి, పని నేర్పి, ఏ ఓడకు ఎవరో నిర్ణయించి, ఓడ తిరిగొచ్చేదాకా వాళ్ళ మంచిచెడ్డలన్నీ చూసేది మా వదిన. తనూ ఒకప్పుడు పడవలు నడిపింది, యాత్రలకు నాయకురాలిగా వెళ్ళింది. ఓడ మెట్లకూ పడవకూ మధ్య మోకాలు నలిగాక ఒడ్డుకు వచ్చి కూర్చుంది.

కూర్చుంది అన్నానే గానీ, కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. రేవు పక్కన పాత గోదాము, దాని మీద ఆవిడ గది. కింద నా రాజ్యం. రబ్బరు బూట్లు సైజుల వారీగా వరసలు, ఆరేసిన నారింజ రంగు కోట్లు, చార్జింగు పెట్టిన రేడియోలు. ఒక దీవిలోని గడ్డిగింజ ఇంకో దీవికి పోకూడదు కాబట్టి ప్రతి బూటు అడుగునూ బ్రష్షుతో తోమి మందు నీళ్ళలో ముంచాలి. ఆ తోముడు నాది. పైన వదిన ఫోనులో ఎవరినో బుజ్జగిస్తూ ఉంటుంది. ఈ ఓడలో ఇద్దరు ప్రేమించుకుంటారు, తర్వాతి యాత్రకల్లా చెడి, ఒకే పడవ ఎక్కేది లేదని మొండికేస్తారు. వాడిని ఆ ఓడకూ దీన్ని ఈ ఓడకూ మార్చాలి. ఆవిడను పెళ్ళిళ్ళ పేరయ్య అని నేను ఊరికే అనను, పెళ్ళి పెటాకులైనవాళ్ళ బాధ్యత కూడా ఆవిడదే. ఒకసారి ఒక పడవవాడి తల్లి పోయింది. ఓడ నడిసముద్రంలో ఉంది, రేవు చేరడానికి రోజులు పడుతుంది. ఆ మాట వాడికి చెప్పింది వదినే. చెప్పి, వాడు ఏడుస్తున్నంతసేపూ ఫోను చెవి దగ్గరే పెట్టుకుని ఉంది, ఒక్క మాట మాట్లాడకుండా. అందుకే సిబ్బందంతా ఆవిడను పెద్దక్క అంటారు. నాకు కోపం వచ్చినప్పుడు ఆ సంగతి గుర్తుచేసుకుంటాను, లేకపోతే ఆ ఇనుప మెట్లు ఎక్కి దెబ్బలాడాలనిపిస్తుంది.

ఆవిడలో నాకు గిట్టనిది ఒకటే. ఎవరి పని వాళ్ళను చేసుకోనివ్వదు. ఎవరైనా తడబడితే చాలు, ఇటివ్వు నేను చేస్తా అంటుంది. తల్లి పోయాక తమ్ముడిని పెంచింది ఆవిడే. బళ్ళో పంతులు ప్రశ్న మా ఆయననడిగితే జవాబు కిటికీ బయటి నుంచి ఈవిడ చెప్పేదట. అంతెందుకు, మా ఆయన నన్ను ఇష్టపడుతున్నాడన్న కబురు కూడా నాకు మొదట చెప్పింది ఆవిడే. ఆయన పక్కనే నిలబడి తలూపాడు.

ఇప్పుడు బిళ్ళల గురించి చెప్పాలి, లేకపోతే మిగతా కథ అర్థం కాదు. యాత్రికులకు కార్డులుంటాయి. ఓడ మెట్ల దగ్గర మిషనుకు చూపిస్తే ఎవరు దిగారో ఎవరు ఎక్కారో అదే లెక్క పెట్టుకుంటుంది. సిబ్బందికి మాత్రం ఇంకా పాత పద్ధతే. మెట్లెక్కగానే గోడకు ఒక చెక్క పలక, దాని నిండా కొక్కేలు, ఒక్కో కొక్కేనికి ఒక్కొక్కరి పేరున్న బిళ్ళ. బిళ్ళకు ఒక ముఖం ఎరుపు, ఒక ముఖం తెలుపు. ఒడ్డుకు దిగేటప్పుడు ఎరుపు కనిపించేలా తిప్పాలి, ఓడ ఎక్కాక తెలుపు. పలకంతా తెల్లగా ఉంటేనే లంగరు ఎత్తుతారు. పైన పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది, ఎవరి బిళ్ళ వాళ్ళే తిప్పాలి అని.

రాసినవన్నీ పాటిస్తే ఇంకేం. ఆఖరి పడవలో వచ్చేవాళ్ళు తడిసి ముద్దయి, వేళ్ళు కొంకర్లు పోయి ఉంటారు. ముందు ఎక్కినవాడు, నీది నేను తిప్పేస్తాలే, నువ్వెళ్ళి వేడిగా ఏదన్నా తాగు అంటాడు. మావాళ్ళలో అదొక మర్యాద అయిపోయింది. ఇద్దరి మధ్య స్నేహం ఎంత గట్టిదో చెప్పాలంటే, వాడు నా బిళ్ళ తిప్పే మనిషి అంటారు. ఆ మర్యాద మొదలుపెట్టింది ఎవరో వేరే చెప్పాలా? మా వదిన నాయకురాలిగా ఉన్న రోజుల్లో కుర్రకారు అందరి బిళ్ళలూ తనే తిప్పేది. ఆవిడ కిందే పడవ నేర్చుకున్న మా ఆయన ఆ అలవాటునూ నేర్చుకున్నాడు.

ఆయన ప్రతిసారీ తిప్పే బిళ్ళ పిట్టల మాస్టారిది. మాస్టారు బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాక ఓడల్లో పిట్టల గురించి చెప్పడానికి వచ్చారు. కీళ్ళనొప్పుల వల్ల చలికి ఆయన వేళ్ళు వంగవు. కొడుకులాంటి వాడివి అని మా ఆయనను భుజం తట్టేవారు. మా ఆయనకు ఆ మాట చాలు, ఆయన కోసం మంచులోనైనా దూకుతాడు.

గత సీజను ఆఖరి యాత్రలో ఒక సాయంత్రం గాలి ఉన్నట్టుండి తిరిగింది. యాత్రికులను గబగబా పడవలు ఎక్కిస్తున్నారు. నడకదారి తెలియడానికి పాతిన జెండాలు పీకి తేవడానికి మాస్టారు దిబ్బ అవతలికి వెళ్ళారు. పక్క పడవలో టోపీ ముఖం మీదికి లాక్కుని, వీపు వంచుకుని కూర్చున్న ఒక మనిషిని చూసి, మాస్టారు వచ్చేశారనుకున్నాడు మా ఆయన. అందరివీ అవే నారింజ రంగు కోట్లాయె. ఓడ ఎక్కి తన బిళ్ళ తిప్పాడు, అలవాటు చొప్పున మాస్టారిదీ తిప్పాడు. పలక తెల్లబడింది, ఓడ కదిలింది.

రోజూ భోజనాలకు ముందు మాస్టారు మైకు పట్టుకుని ఆ రోజు చూసిన పిట్టల గురించి చెబుతారు. ఆ రోజు మైకు దగ్గర ఎవరూ లేరు. అప్పుడు తెలిసింది. ఓడను వెనక్కి తిప్పారు గానీ అలలు పడవను దించనివ్వలేదు. రేడియోలో పిలిస్తే పలకలేదు, చలికి బ్యాటరీ చచ్చింది. తెల్లారాక దొరికారు, ఒక బండ చాటున, జెండా గుడ్డలు కాళ్ళకు చుట్టుకుని. ప్రాణం దక్కింది. కాలివేళ్ళు కొన్ని పోయాయి. అక్కడ దొరికారన్న కబురు వచ్చేదాకా ఇక్కడ వదిన పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు.

బిళ్ళ ఎవరు తిప్పారని కెప్టెన్ అందరినీ నిలబెట్టి అడిగితే ఒక్కరూ నోరు మెదపలేదు. కంబళ్ళ కింద వణుకుతున్న మాస్టారే, నేనే తిప్పుకుని, ఏదో మరిచిపోయి మళ్ళీ దిగానేమో అన్నారు. ఆ మాట అందరికీ వరంలా దొరికింది. మా డైరెక్టరు అయితే మరీను. పెద్దాయనకు మతిమరుపు వచ్చింది, పాపం, ఎవరినీ తప్పుపట్టే పని లేదు, గౌరవంగా ఇంటికి పంపేద్దాం అని తేల్చేశాడు. అలాగని నివేదిక రాయమని వదినకు చెప్పాడు.

మా ఆయన ఇంటికొచ్చాడు గానీ మనిషి మనిషిలా లేడు. అన్నం ముందు కూర్చుంటాడు, లేచిపోతాడు. మాస్టారి మీద బెంగ అనుకున్నాను. ఆదివారం పూట వదిన వచ్చి వంటింట్లో నా పక్కన కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. ఆయన గుమ్మంలో నిలబడ్డాడు.

"బిళ్ళ నేనే తిప్పానక్కా," అన్నాడు.

వదిన చేతులు ఆగిపోయాయి. ముందు తేరుకున్నది నేనే. మిమ్మల్ని ఎవరడిగారు, అందరూ మరిచిపోతుంటే మీరెందుకు కెలుకుతారు అని మీద పడ్డాను. ఈ సంగతి బయటపడితే ఆయనను మళ్ళీ పడవ ముట్టుకోనివ్వరు. నీళ్ళ మీద తప్ప నేల మీద ఏ పనీ రాని మనిషి. మాస్టారి కాలివేళ్ళు ఎలాగూ పోయాయి, ఇక ఓడ ఎక్కేది లేదు. మతిమరుపు అంటే అననీ, ఆ వయసులో ఎవరికి లేదు, అందులో కొత్తగా పోయేదేముంది అన్నాను. నా మొగుడి బతుకు నాకు ముఖ్యం. అందులో సిగ్గుపడేదేమీ నాకు కనిపించలేదు.

వదిన నా వైపు చూసింది. "పోయేదేముందో చూసొద్దాం పద," అంది.

మా ఆయన నేనూ వస్తానన్నాడు. చొక్కా కోసం గదిలోకి వెళ్ళబోయాడు కూడా. వదిన వద్దంది. నువ్వు నోరు విప్పకు, కాసేపు పడుకో, నేను చూసుకుంటాను కదా అంది. చిన్నప్పటి నుంచీ వింటున్న మాటే. ఆయన ఆగిపోయాడు.

ఆస్పత్రి గదిలో మాస్టారు కాళ్ళకు కట్లతో దిండుకు ఆనుకుని ఉన్నారు. పక్కన ఆయన కూతురు. నన్ను చూడగానే, అమ్మా, ఏదైనా పిట్ట పేరు చెప్పి నన్ను ప్రశ్న అడుగు అన్నారు. వచ్చిన ప్రతివాళ్ళనూ ఇలాగే అడుగుతున్నారట. నాకు పిట్టల గురించి ఏం తెలుసు, కాకి ఏ రంగు అని అడిగాను. నవ్వుతారనుకున్నాను. ఆయన పరీక్షకు కూర్చున్న పిల్లాడిలా ఒక్క క్షణం ఆలోచించి, నలుపు, కొన్నిచోట్ల మెడ బూడిద రంగు అని చెప్పి, సరిగ్గానే చెప్పానా అన్నట్టు కూతురి ముఖం చూశారు. నాకు నవ్వు చచ్చిపోయింది.

కూతురు ఏర్పాట్లన్నీ చేసేసిందట. ఆయన ఉంటున్న ఇంటి తాళంచెవి తీసుకుంది. ఇక ఒంటరిగా ఉండకూడదు, పొయ్యి వెలిగించకూడదు, వీధిలోకి ఒక్కడే పోకూడదు. అన్నిటికీ ఆయన తలూపారు. పిట్టలను చూసే తన బైనాక్యులర్స్‌ను అక్కడి నర్సుగారి పాపకు ఇచ్చేశారు.

"పేర్లన్నీ ఉన్నాయమ్మా," అన్నారు వదినతో. "ఒక్క బిళ్ళ తిప్పిందే గుర్తు లేదు. ఎంత తవ్వుకున్నా దొరకదు. అది గుర్తు లేదంటే, గుర్తు లేకుండా ఇంకా ఏమేం చేస్తున్నానో. ఒకరోజు దీని ముఖమే గుర్తుపట్టనేమో." కూతురిని చూపించారు. కూతురు కిటికీ వైపు తిరిగిపోయింది.

అక్కడ నిలబడి నేను తేలు కుట్టిన దొంగలా అయిపోయాను. పోయేదేముంది అని అడిగిన నోరు నాదే. ఆయనకు పోయింది కాలివేళ్ళు మాత్రమే కాదు. కానీ ఆ క్షణంలో కూడా, చెప్పకండి వదినా, ఇంటికెళ్ళి మా ఆయనతో మాట్లాడి అప్పుడు చెబుదాం అని లోపల మొక్కుకుంటూనే ఉన్నాను.

"మాస్టారూ, మీరు తిప్పలేదు," అంది వదిన. "మా తమ్ముడు తిప్పాడు. మీరు ఎక్కేశారనుకుని తిప్పాడు. వాడికా అలవాటు నేర్పింది నేను. మీ బుర్రకేమీ కాలేదు."

ఆయన నమ్మలేదు. మళ్ళీ చెప్పించుకున్నారు. ఇన్నాళ్ళూ ఎందుకు దాచారని కూడా అడగలేదు. అయితే నేను మరిచిపోలేదన్నమాట అని పైకే అనుకుని, మొహానికి దుప్పటి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చారు. కాసేపటికి దుప్పటి తీసి కూతురి వైపు చెయ్యి చాపారు. నా తాళంచెవి ఇటివ్వు అన్నారు.

ఆస్పత్రి గేటు దాటేదాకా ఓర్చుకున్నాను. తర్వాత నోటికొచ్చినట్టు అన్నాను. నా మొగుడి మాట మీరెవరు చెప్పడానికి, ఆయన్ని ఒక్క ముక్క అడిగారా అన్నాను. వాడికి చెప్పే ధైర్యం లేదు, అందుకే నేను చెప్పాను అంది. ఆ పూటే డైరెక్టరుకు ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. నేర్పింది నేను, నన్ను కూడా తీసెయ్యండి అని గొడవపెట్టింది. ఆవిడ లేకపోతే ఒక్క ఓడా కదలదని అతనికి తెలుసు, ఒప్పుకోలేదు. తమ్ముడిని పడవల నుంచి తప్పించే కాగితం మీద మాత్రం ఆవిడ చేతే సంతకం పెట్టించాడు. పెట్టింది. కంచే చేను మేసిందని రాసుకోండి అందట. సంతకం పెట్టిన చేత్తోనే సాయంత్రం మా ఇంటి తలుపు తట్టింది.

జరిగిందంతా తమ్ముడికి చెప్పింది. పని పోయినందుకు ఆయన గోల పెడతాడని నేను కాచుకుని ఉన్నాను. పని ఊసే ఎత్తలేదు.

"ఆస్పత్రికి నేనూ వస్తానన్నాను కదక్కా."

"నువ్వు చెప్పలేవని..."

"చెప్పేవాణ్ణో లేదో. ఓడలో నోరు పెగల్లేదు, నిజమే. ఇక్కడ నీ ముందు పెగిలింది కదా. ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పాల్సింది నేను. ఆయన తిట్టినా కొట్టినా పడాల్సింది నేను. నువ్వు పోయి చెప్పేసి వచ్చావు. నా బిళ్ళ కూడా నువ్వే తిప్పేశావు."

వదిన చెయ్యి చాపి ఆయన తల ముట్టుకోబోయి, మానుకుంది. చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. ఆవిడను ఎవరో ఒకరు ఈ మాట అనాలని ఎన్నేళ్ళుగానో కోరుకున్నదాన్ని. తీరా అన్నాక నాకు సంతోషం రాలేదు. ఆవిడ కుంటుకుంటూ సందు మలుపు తిరుగుతుంటే కిటికీలోంచి చూసి ఏడుపొచ్చింది.

తర్వాత అక్కాతమ్ముళ్ళ మధ్య మాటల్లేవు. ఆయన రేవు చివర షెడ్డులో చిల్లులు పడ్డ పడవలకు రబ్బరు అతుకులు వేసే పనికి కుదిరాడు. తను నడిపిన పడవలకే అతుకులు వెయ్యాల్సి రావడం ఎంత కష్టమో ఆయన చెప్పడు, నేను అడగను. పైన వదిన ఫోనులో ఎవరినో బుజ్జగిస్తుంది, కింద నేను బూట్లు తోముతాను. ఒకరికొకరం ఎదురుపడకుండా వచ్చిపోతాం.

మాస్టారు ఇంటికొచ్చారని తెలిశాక మా ఆయన చొక్కా వేసుకుని బయలుదేరాడు. మాస్టారికి అంతా తెలుసు కదా, ఇప్పుడు వెళ్ళి చెప్పేదేముంది అన్నాను. ఆయన వినకుండా గుమ్మం దాటాడు. ఏమవుతుందోనని నేనూ వెనకే వెళ్ళాను.

మాస్టారు కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నారు, కర్ర పక్కన ఆనించి ఉంది. కూతురు లోపలికి రమ్మంది. మా ఆయన మాస్టారి ఎదురుగా పీట మీద కూర్చుని, అక్క మీకు చెప్పింది కదండీ అని మొదలుపెట్టి ఆగిపోయాడు.

మాస్టారు కనుబొమలు ముడిచారు. "మీ అక్కా? ఏం చెప్పింది? నాకేం గుర్తు లేదు బాబూ. పెద్దవాణ్ణి కదా, మరిచిపోతుంటాను. నువ్వు చెప్పు, మొదటి నుంచీ."

అయితే నిజంగానే మతి పోయిందా ఈయనకు అనుకున్నాను. మా ఆయన మొహం పాలిపోయింది. ఒకసారి నా వైపు చూసి, ఆయన వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టాడు. గాలి తిరగడం, జెండాలు, పక్క పడవలో మనిషి, పలక, కెప్టెన్ అడిగితే నోరు మూసుకుని నిలబడటం, ఒక్కటీ వదలకుండా. మాస్టారు మొదటిసారి వింటున్నట్టే విన్నారు. మధ్యలో, మరి ఆ పడవలో ఉన్నదెవరు అని అడిగారు. వంటగది మనిషండీ, పిట్టలను చూద్దామని సెలవడిగి దిగాడట అన్నాడు మా ఆయన. చివరికి వచ్చేసరికి ఆయన కళ్ళు ధారలు కట్టాయి. మాస్టారు వంగని వేళ్ళతోనే ఆయన చెయ్యి పట్టుకుని, సరే, విన్నాను, నువ్వే చెప్పావు అన్నారు.

వచ్చేటప్పుడు గుమ్మం దాకా సాగనంపడానికి కర్ర సాయంతో లేచారు. నన్ను పేరు పెట్టి పిలిచి, ఈసారి వచ్చేటప్పుడు కాకి కన్నా కష్టమైన ప్రశ్న తీసుకురామ్మా అన్నారు. అప్పుడు అర్థమైంది నాకు. ఆస్పత్రిలో జరిగిన ప్రతి మాటా ఆ బుర్రలో చెక్కు చెదరకుండా ఉంది. మతి పోయిందన్న మాటకు అంతగా వణికిపోయిన మనిషి, మా ఆయన కోసం ఆ మాటను తనంతట తనే నెత్తిన వేసుకున్నారు.

మర్నాడు ఇనుప మెట్లెక్కి వదినకు ఇదంతా చెప్పాను. ఆవిడ విని, కళ్ళు తుడుచుకుని, వాడితో నేను మాట్లాడతాను అని ఫోను తీసింది. నొక్కబోయి ఆగింది. వాడే చేస్తాడులే అని ఫోను బల్ల మీద పెట్టేసింది.

ఇంకా చేయలేదు. ఫోను మోగినప్పుడల్లా ఆవిడ మోకాలి నొప్పి మరిచిపోయి లేచే చప్పుడు కింద నాకు వినిపిస్తుంది. ఎవరో పడవవాడు, ఎవరో రాళ్ళ పండితుడు, మళ్ళీ అదే బుజ్జగింపు. సాయంత్రం ఇంట్లో ఆయన ఫోను చేతిలోకి తీసుకుని, కాసేపు చూసి, పక్కన పెడతాడు. ఒక్కసారి చేయండి, మీ అక్క ఎదురుచూస్తోంది అని నోటిదాకా వస్తుంది. మింగేసి పొయ్యి దగ్గరికి పోతాను.